హారాలను విడదీసి చూపాకే కూడిక నేర్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక విద్యా పేజీలో పదో తరగతి గణితం బిట్లకు కీ మాత్రమే ఇచ్చి, లెక్క చేసే విధానాన్ని వదిలివేయడం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

బ్రాడీపేటలో మా ఇంటికి సందేహాలు అడగడానికి వచ్చే పిల్లల్లో కొందరు, మంచి మార్కులు తెచ్చుకునేవారు సైతం, 2/(ఎక్స్² − 1) + 1/(ఎక్స్ + 1) అని ఇస్తే లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపి 3/(ఎక్స్² + ఎక్స్) అని రాస్తున్నారు. ఎక్స్‌కు బదులు 3 వేసి చూస్తే ఇచ్చిన భిన్నాలు రెండూ పావు, పావు అవుతాయి. మొత్తం అర కావలసిన చోట వారి జవాబు పావు దగ్గరే నిలిచిపోతుంది. ఇలా ఒక అంకె వేసి సరిచూసుకోవచ్చని వారికెవరూ చెప్పలేదట.

కోచింగుకు వెళ్లే పిల్లలు హారాలు రెండింటినీ గుణించి అడ్డగుణకారం చేస్తారు. అది తప్పు కాదు గానీ, లవంలో వచ్చిన ఎక్స్² + 2ఎక్స్ + 1 అంటే (ఎక్స్ + 1)² అని పోల్చుకోలేక చాలామంది అక్కడే ఆగిపోతారు, లేదా కూడికలో ఉన్న పదాన్ని కారణాంకమనుకొని కొట్టివేస్తారు. ముందే ఎక్స్² − 1ని (ఎక్స్ + 1)(ఎక్స్ − 1)గా విడదీస్తే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అదేనని తెలిసిపోతుంది. అప్పుడు లవం 2 + (ఎక్స్ − 1), అంటే ఎక్స్ + 1 అవుతుంది. అది కింద ఉన్న ఎక్స్ + 1తో కొట్టుకుపోయి 1/(ఎక్స్ − 1) మిగులుతుంది. ఎక్స్ విలువ 1 గానీ −1 గానీ కారాదన్న షరతు కూడా రాయించాలి. కొట్టివేశాక −1 జాడ కనిపించదు కనుక ఇది మరీ ముఖ్యం.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలకు 80 గణితానివే కాబట్టి వేగం కావాలంటారు. ఆ వేగం కూడా క.సా.గు. పద్ధతిలోనే ఉంది. భిన్నాల కూడికకు ఈ మార్గాన్ని 9వ శతాబ్దంలోనే చూపిన మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడని మన పిల్లలకు తెలియకపోవడం బాధాకరం. పదో తరగతి వర్గ సమీకరణాల్లో రైలు వేగం లెక్కలకు ఈ కూడికే ఆధారం, ఇంటర్‌లో పాక్షిక భిన్నాలంటే ఇదే పనిని వెనక నుంచి చేయడం.

కనుక కీతో పాటు వారానికి ఒక్క లెక్కనైనా, కారణాంక విభజన, క.సా.గు., షరతులు, సరిచూడడం అన్నీ కనబడేలా సోపానాలతో సహా అచ్చువేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.