పక్క మంచం అక్కకు, ఇంకా ఎందరికో కృతజ్ఞతలు

ప్రభువు నామంలో బంధుమిత్రులకు, సంఘస్థులకు వందనాలు. నాన్నగారిని నిన్న సాయంత్రం డిశ్చార్జి చేశారు. తుంటి దగ్గర విరిగిన ఎముకకు ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. కుట్లు ఇంకా విప్పలేదు, దిండ్ల ఆసరాతో కాసేపు లేచి కూర్చుంటున్నారు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక ప్రస్తుతం నాకు లేదు కనుక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ఇంట్లో వాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. అన్నయ్య బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చాడు, వదిన వంటా పిల్లల్నీ చూసుకుంది, అమ్మ షుగరు మనిషై ఉండి కూడా నాకు చెప్పకుండా ఉపవాస ప్రార్థనలో కూర్చుంది (ఈ విషయంలో నా కోపం ఇంకా తగ్గలేదు).

నేను చెప్పవలసింది పక్క మంచం దగ్గర ఉన్న అక్క గురించి. ఆమెది పల్నాడు వైపు పల్లె. భర్త మిర్చి యార్డులో హమాలీ. బస్తా జారి మీద పడి కాలు విరగడంతో ఆయనను మా వార్డులోనే చేర్చారు. ఆమె మిరపకాయలకు తొడిమలు తీసే కూలి పనికి వెళుతుంది. ఆపరేషన్‌కు ముందు రోజు నేను రక్తం కోసం తిరుగుతున్నాను, అన్నయ్య ఇంకా దారిలో ఉన్నాడు. నాన్నగారి కాలికి బరువు కట్టి వేలాడదీసి ఉంచారు, పక్కకు ఒత్తిగిలే వీలు కూడా లేదు. ఆ స్థితిలో ఆయనకు పక్కమీదే విరేచనం అయింది. పిలిస్తే వచ్చిన వార్డు మనిషి ముందు డబ్బు మాట ఎత్తాడట. నాన్నగారి దగ్గర పైసా లేదు.

అప్పుడు ఆ అక్క తన పాత చీర ఒకటి తీసి, ఒక కొస కిటికీ ఊచకు, మరొక కొస సెలైన్ స్టాండుకు కట్టి అడ్డం పెట్టింది. క్యాంటీన్ నుంచి వేడినీళ్ళు తెచ్చి, కాలికి కట్టిన బరువు కదలకుండా, ఆయనను ఒక చేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకుని తుడిచి, దుప్పటి మార్చి, మురికి దుప్పటి ఉతికి ఆరేసింది. నేను వచ్చేసరికి నాన్నగారు గోడ వైపు ముఖం పెట్టుకుని ఏడుస్తున్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి, ఇస్త్రీ చొక్కా లేకుండా వీధి గుమ్మంలోకి కూడా రాని మనిషి. ఆమె మాత్రం, “మా నాయనకు చేసినట్టు చేశానమ్మా, దాంట్లో ఏముంది, నువ్వు ముందు ఒక ముద్ద తిను,” అంది. ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు నాకు ఆ మాటతో ఆగలేదు.

ఆ తర్వాత నేను లేని పూటల్లో అన్నం కూడా ఆమే తినిపించింది, అదీ చెంచాతో. “నా గోళ్ళల్లో కారం పోదు పెద్దయ్యా, మూతికి తగిలితే మండుద్ది,” అనేదట. డబ్బు ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఆమె విశ్వాసి అన్న సంగతి మాకు ఇంటికి వచ్చే రోజు వరకు తెలియదు. ఆమె చేతిలో బైబిలు చూడలేదు, వార్డులో ఎవరికీ సువార్త కరపత్రం ఇవ్వలేదు, ప్రభువు పేరెత్తి ఒక్క మాట అనలేదు. మేము బయలుదేరుతుంటే భర్త మంచం దగ్గరకు నాన్నగారి చక్రాల కుర్చీని తిప్పించి, “మీరు చదువుకున్నోరు పెద్దయ్యా, మా ఆయన కోసం ఒక ప్రార్థన చేయండి, నాకు పెద్ద మాటలు రావు,” అంది. కూడికల్లో అరగంట సేపు తడుముకోకుండా ప్రార్థించే నాన్నగారికి రెండు వాక్యాల కంటే ఎక్కువ రాలేదు.

నాన్నగారు పుట్టింది గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రిలో. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌ను మిషన్ వారు మొదట వైద్యం కోసం నియమించనే లేదనీ, తనకు అప్పగించిన వేరే పనులు చూసుకుంటూనే ఆమె రోగులకు మందులివ్వడం మొదలుపెట్టిందనీ, ఆసుపత్రి వచ్చింది 1898లోననీ ఆయన పిల్లలకు చెబుతుండేవారు. నిన్న కారులో ఆ కథ మళ్ళీ ఎత్తి, ఆ అక్క గురించి ఏదో చెప్పబోయి ఊరుకున్నారు.

మా సంఘం వారు కూడా వచ్చారు, వారికి నా వందనాలు. ప్రార్థన చేశారు, ఒక చరణం పాడారు. అయితే ఒక మాట మనసులో పెట్టుకోలేక చెబుతున్నాను. కాలికి బరువు వేలాడుతూ, గడ్డం మాసి ఉన్న నాన్నగారి ఫోటో ఆ సాయంత్రమే “రోగుల పరామర్శ పరిచర్య” అనే శీర్షికతో గ్రూపులో కనిపించింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మనం బైబిలులోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం ధ్యానించుకున్నాం. ఒంటికి కావలసినది ఇవ్వకుండా “సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి” అని చెబితే ప్రయోజనమేమిటని అడిగే భాగం అది. ఇరవై మంది పావుగంట వచ్చి వెళ్ళడం కంటే, వంతులు వేసుకుని రాత్రికి ఒక్కరు మంచం పక్కన కూర్చుంటే రోగికీ, ఇంటివారికీ నిజంగా మేలు జరుగుతుంది. కమిటీ పెద్దలు దీనిని ఆక్షేపణగా కాక విన్నపంగా తీసుకోవాలి.

ఇక ఆసుపత్రి సంగతి. పథకం కింద అంతా ఉచితమన్నారు, కానీ అనుమతి వచ్చే వరకు ఒక ముసలి మనిషిని కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ప్రతి కాగితానికీ జిరాక్సు, ప్రతి స్ట్రెచరుకూ చేయి చాపేవారు. రాత్రి వార్డు మొత్తానికి ఇద్దరే నర్సులు, వారిని నేను ఒక్క మాట అనను, వారికి కూర్చునే తీరికే లేదు. కానీ ఎత్తడం, తుడవడం, తినిపించడం రోగి బంధువులే చేయాలన్నట్టు ఏర్పాటు నడుస్తుంటే, బంధువులే లేని వారి గతి ఏమిటి? మా ఎదుటి మంచం మీది తాతగారికి ఎవరూ లేరు. ఆయనకు కూడా నీళ్ళు పట్టింది ఆ అక్కే.

ఆమె పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. నలుగురికీ తెలియాలని ఆమె చేయలేదు, నేను తెలియజేస్తే ఆమెకు నచ్చదు.

ముగించబోతుంటే ఇంకా గుర్తొస్తున్నారు. రోజా విడిచిన వెంటనే, సరిగ్గా భోజనం కూడా చేయకుండా బండి మీద వచ్చి రక్తం ఇచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థికి, అతని నంబరు ఇచ్చిన మెడికల్ షాపు కుర్రవాడికి కృతజ్ఞతలు. అప్పుడప్పుడు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోనిచ్చిన టీ బంకు ఆయనకు, అనుమతి కాగితం ఎక్కడ ఆగిందో ఓపికగా వెతికిపెట్టిన కౌంటరు అమ్మాయికి కూడా. నాన్నగారి పాత విద్యార్థి ఒకరు వాకరు పంపించారు, ఆయన పేరు హడావుడిలో అడగలేదు. బాబూ, ఇది చదివితే ఒకసారి ఫోన్ చేయండి, నాన్నగారు మాట్లాడాలంటున్నారు.