పళ్లు ఊడిన కల, దిగని షట్టరు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో కలలకు ఫలితాలు చెప్పే శీర్షికలో, పన్ను ఊడినట్టు కల వస్తే దగ్గరి బంధువు మరణవార్త వింటారని వేశారు. ఆ ఒక్క వాక్యం మా ఇంట్లో ఏం చేసిందో మీకు తెలియాలి. అంతకు రెండు రోజుల ముందే మా ఆవిడకు సరిగ్గా అదే కల వచ్చింది. పేపరు చదివి, కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, పాలకొల్లులో ఉన్న తమ్ముడికి ఫోను చేసింది. అతను ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఫోను ఇంట్లో మరిచిపోయి రొయ్యల చెరువు మీదికి వెళ్లాడట. మధ్యాహ్నం రెండింటికి అతను తిరిగి ఫోను చేసేదాకా మా పొయ్యి వెలగలేదు. అసలు సంగతి ఏమిటంటే నెల రోజులుగా ఆమెకు కింది దవడలో ఒక పన్ను కదులుతోంది. సోమవారం అమలాపురం తీసుకువెళ్లి పీకించాను. ఆ పన్ను సంగతి మీ శీర్షిక రాసేవారికి ఎలా తెలుస్తుంది?

నేను పండితుణ్ణి కాను. గోదావరి మధ్య డెల్టాలో లస్కరుగా, అంటే కాలువలూ వాటి తలుపులూ చూసుకునే పనివాడిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు 68 ఏళ్లు. కాలువల మీద పనిచేసినన్నాళ్లూ తెల్లవారగానే కాలువలో అంకెలు వేసిన గేజి రాయి చూసి రిజిస్టరులో నీటిమట్టం రాయడం నా మొదటి పని. చేరిన కొత్తలో ఒకరోజు చలికి బద్ధకించి, నిన్నటి అంకెకు కాస్త అటూ ఇటుగా అంచనా వేసి రాసేశాను. మా పైఅధికారి కట్ట మీద సైకిలు ఆపి, నా పక్కనే నిలబడి, "నీకు అనిపించింది ఎవరికి కావాలి? రాయి మీద ఉన్నది రాయి" అన్నారు. ఆయనకు అది శ్లేష అని తెలుసో లేదో గాని నాకు మాత్రం మంత్రోపదేశమే అయింది. రిటైరయ్యాక రాయడానికి గేజి లేకపోయింది. వేళ మాత్రం ఒళ్లు మరిచిపోలేదు, నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది. అప్పుడు ఆ వేళకు దొరికినది రాయడం మొదలుపెట్టాను. దొరికేవి కలలు. ఇప్పటికి 11 రిజిస్టర్లు నిండాయి. మా పెద్దమ్మాయి వీటిని "నాన్న స్వప్నశాఖ" అంటుంది.

రాసే పద్ధతి చెబుతాను. మెలకువ రాగానే కదలకూడదు. పక్కకు ఒత్తిగిలితే చాలు, సగం జారిపోతుంది. కళ్లు తెరవకుండా, చివర ఏం చూశానో దాన్ని పట్టుకుని వెనక్కి లాగాలి, వలతాడు లాగినట్టు. చివరి తాడు చేతిలో ఉంటే మిగిలింది దానంతట అదే వస్తుంది. ఆ తరువాత లేచి తేదీ, వేళ, రాత్రి ఏం తిన్నానో రాసి, చూసినది చూసినట్టు రాస్తాను. అర్థం రాయను. ఎడమ మార్జిను ఖాళీగా వదిలేస్తాను. అర్థమనేది వస్తే వారానికో నెలకో వచ్చి అక్కడ కూర్చుంటుంది. చాలా కలల పక్కన ఆ మార్జిను ఇప్పటికీ ఖాళీగానే ఉంది. దాని వల్ల నాకు ఇబ్బందేమీ లేదు.

ఇందులో సాధన ఏముందని మీరు అడగవచ్చు. నా సొంత కల ఒకటి చెబితే గాని అది తెలియదు.

1986 ఆగస్టు వరద మా తరం వాళ్లెవరూ మరిచిపోలేదు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ ఏడు దాన్ని దాటి వచ్చిన నీరు 35 లక్షల క్యూసెక్కుల పైమాటే. మురుగు కాలువ ఏటిలో కలిసేచోట, గట్టుకు ఉన్న స్లూయిసు తూము మీద ఆ రాత్రి నా డ్యూటీ. ఏరు పొంగినప్పుడు దాని షట్టరు, అంటే నీటిని ఆపే తలుపు, దించేయాలి. లేకపోతే కాలువ నీరు ఏటిలోకి పోవడం మాని, ఏటి నీరే కాలువ గుండా ఊళ్లోకి ఎదురు తన్నుతుంది. నేను, ఇంకో లస్కరు కలిసి చక్రం తిప్పుతూ ఉన్నాం. షట్టరు రెండు అడుగులు దిగి ఆగిపోయింది. కింద తాటి దుంగ ఒకటి అడ్డం పడిందని నీళ్లు తీశాక గాని తెలియలేదు. చక్రం ఇనుము తడిసి అరచేతులు జారుతున్నాయి, లాంతరు ఆరిపోయింది, గట్టు కింద వీధిలో కుక్కలు అరవడం మానేశాయి. కుక్కలు అరవకపోతే నీళ్లు వచ్చేసినట్టే. మనుషులంతా అప్పటికే బడి డాబా మీద ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. గట్టు దిగువన ఒక ముసలామె పాకలో పెయ్యదూడ ఒకటి రాటకు కట్టేసి ఉండిపోయింది. తెల్లవారి చూస్తే పలుపు బిగుసుకుని ఉంది.

ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా ఒకటే కల. చక్రం తిరుగుతూనే ఉంటుంది, షట్టరు దిగదు. నీళ్లకు చప్పుడు ఉండదు. ఊళ్లో ఒకాయనకు చెబితే, బురదనీరు కలలో కనిపించడం మృత్యుసూచన అని శాంతి చేయించాడు. 2004లో పదకొండు వేలంటే నాకు మూడు నెలల ఇంటి ఖర్చు. శాంతి అయిన నాలుగో రోజు అదే కల వచ్చింది. పైగా ఈసారి చక్రం పక్కన ఆ ఒకాయన కూడా నిలబడి ఉన్నాడు!

రిజిస్టరు మొదలుపెట్టాక ఆ కలను వేరే విధంగా పట్టుకున్నాను. రాసేసిన తరువాత, దీపం వెలిగించి పది నిమిషాలు కళ్లు మూసుకుని మళ్లీ ఆ గట్టు మీదికి వెళ్లేవాణ్ణి. ఏమీ మార్చను, షట్టరు దించడానికి ప్రయత్నించను. ఇంతకు ముందు చూడని వైపు ఒకటి చూసి వచ్చేస్తాను. ఒకరోజు లాంతరు. ఒకరోజు నా కాళ్లు. అలా రెండు నెలలు అయ్యాక ఒకరోజు నా చేతుల వైపు చూసుకున్నాను. నేను పట్టుకున్నది చక్రం కాదు. పలుపు. కొబ్బరి పీచుతో పేనిన పలుపు, తడిసి, నల్లబడి, ముడి దగ్గర బిగుసుకుపోయి ఉంది.

ఆ పూట నేను అన్నం తినలేదు. ఇన్నేళ్లూ షట్టరు నా తప్పనుకుని కుమిలాను. అది నా చేతిలో లేని పని. ఆ రాత్రి గట్టు ఎక్కుతూ పాక ముందు నుంచే వెళ్లాను. దూడ అరిచింది. ముడి విప్పడానికి అర నిమిషం పట్టేది. దాన్ని నేను మరిచిపోయాను, కల మరిచిపోలేదు. మరునాడు ఆ ముసలామె మనవడి ఇంటికి వెళ్లి చెప్పాను. అతను ఆ వరద నాటికి పుట్టలేదు. "ఇప్పుడెందుకు బాబాయ్ గారూ అవన్నీ" అని కుర్చీ వేశాడు. అప్పటి నుంచి ఏటా కనుమ నాడు వాళ్ల గొడ్లకు ఒక మోపు పచ్చగడ్డి నేనే కోసి తీసుకువెళతాను. కల ఆగిపోలేదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. షట్టరు ఇప్పటికీ దిగదు. నేను చక్రం వదిలేసి గట్టు దిగుతాను.

మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. నిద్ర పట్టక ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళితే ఆయన చరక సంహిత తీసి చూపించారు. కలలు ఏడు రకాలు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించినవి, జరగబోయేవాటిని సూచించేవి, వాతపిత్తాది దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలితమే లేదని చరకుడు తేల్చేశాడు. మా ఆవిడ పన్ను అనుభవించిన రకం. మీ శీర్షికలో ఆ ఐదూ తీసేస్తే వారానికి అచ్చు వేయడానికి ఏం మిగులుతుందో చూసుకోండి. కల వచ్చాక మళ్లీ నిద్రపోకపోతే దానికి బలం ఎక్కువని కూడా అక్కడే ఉంది. తెల్లవారుజాము కల నిజమవుతుందని మనవాళ్లు అనేది దీని నుంచే కావచ్చు. కలలు ఎక్కువగా వచ్చే, కళ్లు వేగంగా కదిలే నిద్ర ఒకటుందని 1953లో షికాగోలో కనిపెట్టారు. అది సుమారు గంటన్నరకోసారి వస్తుంది, తెల్లవారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది. పొద్దుటి కలలే పొడుగ్గా ఉంటాయి, గుర్తుంటాయి. గుర్తున్నదే నిజమైనట్టు అనిపిస్తుంది. ఈ చివరి ముక్క నా సొంతం.

కార్తీక మాసంలో కోటిపల్లిలో ఒక ప్రవచనం విన్నాను. జనకుడికి యాజ్ఞవల్క్యుడు చెప్పిన మాట: పెద్ద చేప ఒకటి ఏటికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా తిరిగినట్టు, పురుషుడు మెలకువకూ కలకూ మధ్య తిరుగుతుంటాడు. బృహదారణ్యక ఉపనిషత్తులో ఉందట. ప్రవచనం అయ్యాక ముక్తేశ్వరం వెళ్లే పంటు పడవ ఎక్కి, గౌతమి పాయ నడిమధ్యలో రెండు ఒడ్లూ చూస్తూ నిలబడ్డాను. చేపకు రెండు ఒడ్లూ తనవే. మనం మాత్రం ఒక ఒడ్డున ఇల్లు కట్టుకుని, రెండో ఒడ్డు నుంచి ఏం వస్తుందోనని తలుపులు వేసుకుంటాం. పతంజలి కూడా కలలోనూ నిద్రలోనూ కలిగే జ్ఞానాన్ని మనసు నిలపడానికి ఆలంబనంగా తీసుకోవచ్చని ఒక యోగసూత్రంలో చెప్పాడు. అంటే అది కూర్చునే పీట. సోది చెప్పించుకునే చోటు అని ఆయన ఎక్కడా అనలేదు.

ఒక్క కులానికో మతానికో చెందిన విషయం కూడా కాదు ఇది. మా ఊరి దర్జీ సాయిబు గారు చెడ్డకల వస్తే ఎడమవైపు మూడుసార్లు తుపుక్కుమని, దేవుడి శరణు కోరి, పక్క మార్చి పడుకుంటారు. చెడ్డకల ఎవరికీ చెప్పకూడదు, మంచి కల మన మేలు కోరేవాళ్లకే చెప్పాలన్నది వాళ్ల నియమం. మీ శీర్షికకు ఉత్తరాలు రాసేవాళ్లు ఈ ఒక్క నియమం పాటించినా చాలు. మా మేనత్త 1996 నవంబరు తుపాను తరువాత కొబ్బరిచెట్లు కూలే కలలు వస్తుంటే, పొద్దున్నే రేవులో దిగి పారే నీళ్లకు చెప్పుకునేది. మాకు చిన్నప్పుడు పడుకోబోయే ముందు "రామం స్కందం హనూమంతం వైనతేయం వృకోదరం" చెప్పించింది కూడా ఆమే. ఆ శ్లోకం చదివితే పీడకలలు రావంటారు. వైనతేయం అంటే గరుత్మంతుడని తెలియక, మా గోదావరి వైనతేయ పాయే వచ్చి కాపాడుతుందనుకునేవాణ్ణి. ఇక ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి సంగతి మీకు తెలియనిది కాదు. స్వామి రాజుకు కలలో కనిపించి, రథం లాగించు, శీల రాలిన చోట తవ్వించు అన్నాడని స్థలపురాణం. కలలో చెప్పింది ఫలితం కాదు, పని. తవ్వాల్సింది రాజే.

కాకినాడలో చదువుతున్న మా మనవడు ఇంకో దారి పట్టాడు. కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవడం. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో, నిద్రపోతున్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కళ్లు కుడిఎడమలకు తిప్పి, కల లోపలి నుంచి సంకేతం పంపాడట. టిబెట్ బౌద్ధులకు ఇది ఎప్పటి నుంచో ఉన్న సాధన, నారోపా అనే గురువు పేర ఉన్న ఆరు యోగాలలో ఒకటి. కలను కలగా గుర్తుపట్టినవాడు మెలకువను కూడా అంత గట్టిగా పట్టుకోడని వాళ్ల లెక్క. మావాడు మాత్రం ఎగరడానికి నేర్చుకుంటున్నాడు. రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని లేస్తున్నాడు. పరీక్షలు అయ్యేదాకా మానమన్నాను. నిద్ర పాడుచేసుకుని చేసే సాధన ఏదైనా నాకు నచ్చదు. అలాగే, పీడకలలతో నెలల తరబడి నిద్రకు దూరమైనవాళ్లు నాలా రిజిస్టరు పట్టుకుని కూర్చోవద్దు, ముందు డాక్టరును కలవాలి.

మీకు నా మనవి ఒకటే. ఆ శీర్షిక ఉంచుకోవాలంటే ఉంచుకోండి, ఆదివారం పూట నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మరణం, రోగం, నష్టం అన్న ఫలితాలు మాత్రం తీసేయండి. ఆ స్థలంలో పాఠకుల కలలు వాళ్లు చూసినవి చూసినట్టు, అర్థాలు లేకుండా, పేర్లు లేకుండా వేయండి. కావాలంటే నా రిజిస్టర్ల నుంచి మొదటి నెలకు సరిపడా పంపుతాను. నా పేరు కూడా వేయవద్దు. మా వియ్యంకుడు మీ పత్రికే తెప్పిస్తాడు.

నిన్నటిది ఇక్కడే రాస్తాను. 4.20. రాత్రి ఉప్మా. పంటు మీద ఉన్నాను, టికెట్టు తీసుకోలేదు. పక్కన ఎవరో పెయ్యదూడను పట్టుకుని నిలబడ్డారు, మొహం కనబడలేదు. పలుపు కొత్తది. అవతలి ఒడ్డు దగ్గర పడుతుండగా మా ఆవిడ పాలవాడు వచ్చాడని కుదిపి లేపింది. నిద్రపోయేవాణ్ణి హఠాత్తుగా లేపకూడదని కూడా ఆ యాజ్ఞవల్క్యుడి మాటల్లోనే ఉందని చెప్పాను. ఆ మాట పాలవాడికి చెప్పమంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లస్కరు,
కోనసీమ