మోకాలెత్తున పచ్చగా ఉంది

హ్యూస్టన్,
2023 జనవరి 5

అమ్మా,

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. ఇక్కడి చలి గురించి టీవీలో చూసి నువ్వు రెండు రాత్రులు నిద్రపోలేదని తమ్ముడు చెప్పాడు. 2021 ఫిబ్రవరిలోలాగా ఈసారి మాకు కరెంటు పోలేదు, నీళ్ళూ ఆగలేదు. పాపకి జలుబు కూడా చెయ్యలేదు. నా ఉద్యోగం మామూలే.

డిసెంబరు 22 సాయంత్రం ఉత్తరపు గాలి మొదలైంది. తెల్లారేసరికి సున్నాకి తొమ్మిది డిగ్రీలు కిందకి పోయింది. మన ఒడిశా కొండల్లో, సునాబేడలో చలి అలా రాదు కదా. దసరా వెళ్ళిన దగ్గర్నుంచీ మెల్లగా దిగుతుంది, దుప్పటి మీద దుప్పటి తీసుకునే వ్యవధి ఇస్తుంది. చెట్లకీ ఆ వ్యవధే కావాలి. చలి నెమ్మదిగా వస్తే ఒంట్లో చక్కెర పెంచుకుని గట్టిపడతాయి. ఒక్కసారిగా పడితే కణాల మధ్య నీరు గడ్డకట్టి లోపలి నీటిని లాగేస్తుంది. మా మందారం ఆకులు ఉడికిన తోటకూరలా నల్లగా వేలాడాయి. అరటీ వాలిపోయింది. దుంప బతికుంటే పిలకలేస్తుంది, దాని గురించి బెంగ లేదు.

బెంగంతా కరివేపాకు చెట్టు మీదే. నా భుజం ఎత్తు పెరిగింది. నీ పాత వెంకటగిరి చీర కప్పాను, తిట్టకు, చేతికి అదే దొరికింది. నేలలోని వేడి అందేలా గుడ్డ కిందిదాకా పరచాలట. నేను మొదలు చుట్టూ బిగించి కట్టేశాను. తప్పు నాదే.

ఇక్కడ వా డ్రైవ్ అనే రోడ్డు వంతెన కింద గబ్బిలాలు లక్షల్లో ఉంటాయి. ఆ చలికి ఒళ్ళు చల్లబడి, పట్టు సడలి, సిమెంటు మీదకి రాలిపడ్డాయి. జంతువుల్ని కాపాడే ఇక్కడి హ్యూమేన్ సొసైటీ వాళ్ళు ఏరి, వెచ్చబెట్టి, 1,500కు పైగా బతికించారు. అక్కడి ఒకావిడ వందల గబ్బిలాలను తన ఇంటి అటక మీదే పెట్టుకుంది. గబ్బిలం దూరితే నువ్వు ఇల్లంతా పసుపునీళ్ళు చల్లేదానివి. ఆవిడ సంగతి విని నాకు మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. 28 సాయంత్రం వాటిని వంతెన దగ్గర వదులుతుంటే మేమూ వెళ్ళాం. పాప లెక్కపెట్టబోయి ఇరవై దగ్గర ఆగిపోయింది.

నాన్నగారిని తెల్లవారుజామున నడకకి వెళ్ళొద్దను. సిమిలిగుడ రోడ్డు మీద ఆ పొగమంచులో లారీలవాళ్ళకి మనిషి కనపడడు.

సంక్రాంతికి రావడం లేదని నీకు కోపం ఉందని తెలుసు. సెలవు దొరకలేదమ్మా, అది సాకు కాదు.

నిన్న కరివేపాకు కొమ్మల్ని గోటితో గీరి చూశాను. పైనంతా గోధుమరంగు. మోకాలెత్తున గీరితే లోపల పచ్చగా ఉంది! ఎండినవి కోసెయ్యాలని చెయ్యి లాగుతోంది. ఇప్పుడు కోస్తే తొందరపడి చిగురేస్తుంది, మళ్ళీ చలి వస్తే ఆ చిగురూ పోతుంది. ఫిబ్రవరి చివరిదాకా ఆగుతాను. అందాకా పోపు కోసమని ఆకు పంపకు, ఇక్కడికి రానివ్వరు. నీళ్ళు రోజూ పొయ్యాలో వారానికోసారి చాలో నాన్నగారిని అడిగి రాయించు.

నీ
పెద్దమ్మాయి