హైడ్రెంట్ సరే, అందులోకి నీళ్లేవి?

తమిళనాడు పురపాలక, నీటి సరఫరా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. చెన్నై షావుకారుపేటలో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబం మాది. తమిళ ప్రతి మీ కార్యాలయానికి పంపాను. మా వాళ్లు కూడా చదివి గట్టిగా అడగాలని తెలుగులోనూ రాస్తున్నాను.

ఎక్కడ దుకాణం తగలబడినా "వీధుల్లో హైడ్రెంట్లు పెట్టండి" అంటారు. నేను ఆ మాట అనను. హైడ్రెంట్ అంటే మెయిన్ పైపుకు బిగించిన వాల్వు, అంతే. పైపులో రాత్రింబవళ్లు ఒత్తిడితో నీళ్లుంటేనే అది పనిచేస్తుంది. మెట్రో వాటర్ (చెన్నై నీటి సరఫరా సంస్థ) నీళ్లు వచ్చేదేమో వేళ ప్రకారం. ఆ కాసేపూ ఇంటింటా మోటార్లు పెట్టి సంపుల్లోకి లాగేస్తాం. అర్ధరాత్రి గోదాము అంటుకుంటే ఆ ఎర్ర స్తంభం తిప్పితే వచ్చేది గాలే.

మామూలు ఫైరింజన్‌లో పట్టేవి ఇంచుమించు 4,500 లీటర్లు. నిమిషానికి 450 లీటర్ల చొప్పున రెండు గొట్టాలు వదిలితే అయిదు నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత లారీలే దిక్కు. మా గోవిందప్ప నాయకన్ వీధిలో మూటలు దించే బండి పక్కనుంచి స్కూటర్ దూరడమే గగనం, నీళ్ల లారీ ఏ దారిన వస్తుంది? ఇంతకంటే ఎంతో వెడల్పైన ఉస్మాన్ రోడ్డులోనే 2017 మే 31న అంటుకున్న చెన్నై సిల్క్స్ బట్టల దుకాణం భవనం రోజు దాటినా ఆరలేదు, కొంత భాగం కూలిపోయింది కూడా.

అందుకని, లారీ నిలవగలిగిన చోట్ల రోడ్డు కింద యాభై వేల లీటర్ల తొట్లు కట్టించండి. ఫైరింజన్ పంపు ఆరేడు మీటర్ల లోతు నుంచి నీళ్లు పీల్చుకోగలదు, మెయిన్ పైపు ఒత్తిడితో పనిలేదు. ఆ పంపే నీళ్లు నెట్టేలా అక్కడినుంచి ఇరుకు సందుల్లోకి ఖాళీ పైపు వేసి, చివర 63 మిల్లీమీటర్ల కప్లింగ్ బిగిస్తే గొట్టం సందులోనే తగిలించుకోవచ్చు. మామూలు రోజుల్లో అందులో నీళ్లుండవు కనుక బిందెలతో పట్టుకునేవాళ్లూ ఉండరు. (ఇత్తడి మూతలు ఎత్తుకుపోతారు, అది వేరే సంగతి.)

కట్టడం కంటే నింపి ఉంచడమే కష్టం. నీళ్లు మీ శాఖవి, ఫైరింజన్లు హోం శాఖవి. తొట్టి ఎండితే జవాబు చెప్పేదెవరు? ఒక్కో తొట్టికి ఒక ఇంజినీరును పెట్టి, ఆయన హోదా, ఫోన్ నంబరు పక్క గోడ మీద రాయించండి. నెలకోసారి ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి పంపు తగిలించి చూడాలి, దీపావళి ముందు మాత్రమే కాదు. నీళ్లెంత ఉన్నాయో మా ఎదుటే కొలిచి, తేదీతో అదే గోడ మీద వేయాలి. ఆ పూట బళ్లు తీయించి దారి ఇచ్చే పూచీ మా వర్తకులది.

ఇట్లు,
షావుకారుపేట వర్తకుడొకడు