తలుపు తియ్యరా సూరీ

ఒరేయ్ సూరీ,

"జనాభా లెక్కల వాళ్ళొస్తే ఇంట్లో లేమని చెప్పించేస్తా, నా ఒక్కడి లెక్క తగ్గితే ఏం పోతుంది" అన్నావు మొన్న. ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డుపడతావు, అందుకే ఈ ఉత్తరం.

2011 ఫిబ్రవరిలో నాకు పార్వతీపురం ఏజెన్సీలో ఇంటింటికీ తిరిగి జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్ డ్యూటీ వేశారు, గుర్తుందా? రోడ్డు దగ్గర ఆటో దిగి రెండు గంటలు కొండెక్కితే ఒక గూడెం. తీరా వెళ్తే ఊళ్ళో ఒక ముసలమ్మ, రెండు కుక్కలు. మిగతా అందరూ కొండచీపుర్లు కోయడానికి పోయారు. ఒట్టు, అన్ని ఇళ్ళకీ "తాళం" అని రాసేసి దిగిపోదామనిపించింది. ముసలమ్మ చోడి అంబలి చేతిలో పెట్టి, "పొద్దు గూకితే వస్తారు, ఉండు బాబూ" అంది. అంబలి తాగాక ఇంకెలా వెళ్తాను!

ఆ కాగితాల బరువు అప్పుడు నాకు తెలీదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో విడతలో ఏ ఊరికి రోడ్డు వెయ్యాలో 2011 లెక్కలు చూసే తేలుస్తున్నారు. మైదానంలో 500 మంది ఉండాలి, గిరిజన ప్రాంతాల్లో 250, కొన్ని జిల్లాల్లో 100. ఆ రోజు నేను నాలుగిళ్ళు వదిలేసి, లెక్క 240 దగ్గర ఆగిపోయిందనుకో. నెలలు నిండిన ఆడమనిషిని డోలీలో మోసుకుంటూ దిగడమే వాళ్ళ గతి. రేషన్ కూడా అంతే. 2013 ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి ఇవ్వాలన్నది లెక్కగట్టింది ఆ 2011 జనాభా మీదే. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు కరోనాతో ఆగిపోయాయి, 2011 తర్వాత పుట్టిన పిల్లలు ఆ లెక్కలో ఎక్కడున్నారు?

ఆ గూడెంలోనే ఒక పెద్దాయన, మాతృభాష అడిగితే, "తెలుగే రాసెయ్యండి మాస్టారూ" అన్నాడు సిగ్గుపడుతూ. ఇంట్లో పిల్లలతో ఏం మాట్లాడతావంటే "కువి" అన్నాడు. అదే రాశాను. మాట్లాడేవాళ్ళు పది వేల కంటే తక్కువుంటే ఆ భాష పేరే పట్టికలో విడిగా ఉండదు, "ఇతర" కింద కలిపేస్తారు. కువికి ఆ భయం లేదులే, అంతకంటే చిన్న భాషలకుంది. మన సంగతి? 2001లో మూడో స్థానంలో ఉన్న తెలుగు, 2011లో 8.11 కోట్లతో నాలుగోదైంది. 8.30 కోట్లతో మరాఠీ ముందుకెళ్ళింది. మీ చిన్నది బడి ఫారంలో మాతృభాష ఇంగ్లీషని రాసిందని మురిసిపోయావు చూడు, ఈ ఫారంలో మాత్రం ఆ పని చెయ్యనివ్వకు!

ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి తెలుస్తుందని టెన్షన్ పడకు. 1948 జనాభా లెక్కల చట్టంలో 15వ సెక్షన్ ఉంది, నువ్విచ్చిన వివరాలు గోప్యం. ఈసారి ఆన్‌లైన్‌లో మనమే నింపుకోవచ్చట, నీకు ఇంకా సుఖం.

ఒక్క సాయం చెయ్. మీ సెల్లార్‌లో కర్నూలు నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం ఉంది కదా, అది ఇల్లని ఎవరికీ తోచదు. 2011 తర్వాత ప్రభుత్వమే సరిచూసుకుంటే వెయ్యికి 23 మంది తప్పిపోయారని తేలింది, అందులో ఇలాంటివాళ్ళు ఎందరో. ఎన్యూమరేటర్ మీ ఫ్లాట్‌కి వచ్చినప్పుడు, కిందకి తీసుకెళ్ళి వాళ్ళనీ చూపించు. పాపం ఆయనా ఏ బడిపంతులో అయ్యుంటాడు, ముందు మంచినీళ్ళివ్వు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు