రొయ్యల చెరువుకు చేసే పరీక్ష పిల్లలు ఈదే నీళ్లకూ చేయించండి

గౌరవనీయులైన పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను భీమవరం దగ్గర రొయ్యల సాగు చేసుకునే రైతును. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేశాక మా పిల్లలకు ఈతకు మిగిలేది స్విమ్మింగ్ పూలే. పోయిన వేసవిలో మా అబ్బాయిని దగ్గర్లోని ఒక పూల్‌లో చేర్పించాను. పది రోజులకే చెవిపోటు, ఎర్రబడ్డ కళ్లు. డాక్టరు గారు ముందుగా అడిగింది, "బాబు ఎక్కడ ఈదుతున్నాడు?" అనే.

ఆ సాయంత్రమే వెళ్లి గట్టు మీద నిలబడి చూశాను. లోతు వైపు అడుగున నీళ్లు బయటికి పోయే చోట ఉండే జాలీ కనబడలేదు. అంటే అక్కడ పిల్లాడు మునిగినా పైనుంచి ఎవరికీ కనబడడు. పిల్లలు నీళ్లలో ఉండగానే ఒక కుర్రాడు బకెట్‌తో బ్లీచింగ్ తెచ్చి ఓ మూల కుమ్మరించాడు. రిజిస్టర్ అడిగితే చూపించారు. నెలంతా ఒకే పెన్ను, ఒకే చేతిరాత: పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పొద్దున 7.4, సాయంత్రం 7.4. ఎండాకాలంలో ఏ నీళ్లూ నెలరోజులు అలా కదలకుండా ఉండవు. చెరువు గట్టు మీద బతికేవాణ్ణి, ఆమాత్రం తెలుసు.

మర్నాడు పొద్దున్నే సీసాలో నీళ్లు పట్టి, మా చెరువు నీళ్లు చూసే ల్యాబ్‌లోనే ఇచ్చాను. పీహెచ్ 8.4 వచ్చింది. క్లోరిన్ అసలు లేదు. ఈత నీళ్లకు పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఉండాలి. పీహెచ్ 8 దాటితే వేసిన క్లోరిన్ కూడా సరిగ్గా పనిచేయదు. ఘాటు వాసన వస్తే మందు బాగా వేశారని చాలామంది తల్లిదండ్రులు ధైర్యంగా ఉంటారు. నిజానికి క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడే ఆ వాసన వస్తుంది. ముక్కులోంచి మెదడుకెక్కే అమీబా 2024లో కేరళలో పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. అది ఉప్పులేని వెచ్చని నీళ్లలో బతికేది, క్లోరిన్ లేని పూల్‌లోనూ ఉండగలదు. అప్పటినుంచీ నాకు టెన్షనే.

కలెక్టర్ గారూ, పంట పోతుందన్న భయంతో మేం రోజూ పీహెచ్ చూస్తాం, తెల్లవారుజామున లేచి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూస్తాం, అమ్మోనియా అనుమానం వస్తే ల్యాబ్‌కి పరిగెడతాం. నీళ్లు పరీక్షించడం తెలిసిన మనుషులకు, ల్యాబులకు ఈ జిల్లాలో కొదవ లేదు. కాలువలు కట్టేసేలోపే ప్రతి పూల్‌నూ చెప్పకుండా తనిఖీ చేయించండి. నమూనా మీ సిబ్బందే పట్టాలి, యజమాని తెచ్చిచ్చింది కాదు. పొద్దునా సాయంత్రం రీడింగు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. అడుగున జాలీ కనబడని రోజు, ఈత వచ్చిన కాపలా మనిషి లేని రోజు పిల్లల్ని దింపకూడదని ఆర్డరు వేయండి.

మా అబ్బాయి చెవి నయమైంది. ఏప్రిల్‌లో మళ్లీ ఈతకు వెళ్తానంటున్నాడు. సరే అనడానికి ఆ బోర్డు కోసం ఎదురుచూస్తున్నాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా