ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్ ఎంత దూరమో తెలియని విమాన సంస్థకు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

ఇంగ్లీషులో రాస్తే జవాబు లేదు. జర్మన్‌లో రాస్తే యంత్రం జవాబిచ్చింది. ఇక నాకు కోపం బాగా కుదిరే భాషలోనే రాస్తున్నాను. ఎవరిచేతనైనా చదివించుకోండి.

విమానం ఆలస్యమైందని కాదు ఈ ఉత్తరం. ఫ్రాంక్‌ఫర్ట్ గేటు దగ్గర నాలుగు గంటలకు పైగా కూర్చోబెట్టారు, కూర్చున్నాం. భోజనం కూపన్లు చేతిలో పెట్టేసరికి దుకాణాలవాళ్లు షట్టర్లు దించేస్తున్నారు. మా అత్తగారు ఆ కూపన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి పర్సులో పెట్టుకున్నారు. రాత్రి పదకొండు దాటితే అక్కడ విమానాలు ఎగరనివ్వరు కాబట్టి, కనీసం ఆ భయంతోనైనా కదిలారు. అదంతా మరిచిపోయేవాళ్లమే. ఆ తర్వాత నన్ను తిప్పిన తిప్పటే మరిచిపోలేను.

మొదట ఫోనెత్తినాయన విమానం రద్దయితేనే పరిహారమన్నారు. గమ్యానికి మూడు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరినా ఇవ్వాలని ఐరోపా న్యాయస్థానం 2009లోనే చెప్పిందంటే, "ఒక్క నిమిషం" అని సంగీతం పెట్టారు. ఆ నిమిషం ముగియకుండానే లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే ఇంకొకరు. మళ్లీ బుకింగ్ నంబరు, మళ్లీ పుట్టిన తేదీ, మళ్లీ మొదటి నుంచి కథ.

చివరికి ఒక మహాతల్లి లెక్క తేల్చారు. "టికెట్‌లో సాయంత్రం ఆరుకు బయలుదేరి ఎనిమిదికి దిగుతున్నారు. రెండు గంటలే కాబట్టి తక్కువ దూరం. మనిషికి 250 యూరోలు." అమ్మా, లిస్బన్ గడియారం గంట వెనక నడుస్తుంది, గాలిలో ఉండేది దాదాపు మూడు గంటలు అన్నాను. "మా సిస్టమ్‌లో రెండే చూపిస్తోంది సార్." తిరుగు ప్రయాణంలో అదే దారి టికెట్ మీద నాలుగు గంటలవుతుంది. అంటే మేము వచ్చేటప్పటికి లిస్బన్ రెండింతల దూరం జరిగిపోతుందా?

అసలు ఈ పరిహారం గురించి ఐరోపా సమాఖ్య పెట్టిన 261/2004 నిబంధన గడియారం చూడమననే లేదు. భూగోళం మీద అతి దగ్గర దారిని కొలవమంది. ఆ కొలతలో ఇది సుమారు 1,870 కిలోమీటర్లు. ఐరోపా సమాఖ్య లోపల 1,500 దాటితే 400 యూరోలు. ఇదే రాసి పంపితే వచ్చిన జవాబు: "మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" ఎవరికి సంతృప్తి? పైసా రాలేదు, మనిషన్నవాడు మాట్లాడలేదు.

ఇన్నేళ్లుగా మా బంధువుల్లో ఎవరు యూరప్ వచ్చినా మీ టికెట్టే కొనిపించాను. "నీకేమైనా కమిషన్ ఇస్తారా?" అని మా బావగారు ఇప్పటికీ వెక్కిరిస్తారు. దానికి మీరిచ్చిన మర్యాద ఇదీ. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇదంతా పూసగుచ్చినట్టు చెబుతాను, మీకు ప్రచారం ఖర్చు కలిసొస్తుంది.

ముందు పేరున్న ఒక మనిషి నాకు ఫోను చేయాలి. మా నలుగురికీ రావలసినది లెక్క ప్రకారం రావాలి. ఈ నెలాఖరులోగా ఆ రెండూ జరగకపోతే జర్మనీ విమానయాన శాఖకు ఫిర్యాదు, ఆపైన కోర్టు. వాయిదాకు వచ్చేటప్పుడు ఆ సిస్టమ్‌ను కూడా వెంట తెచ్చుకోండి, రెండు గంటల లెక్క న్యాయమూర్తికి అదే వివరిస్తుంది.

ఇట్లు,
ఇప్పటిదాకా మీ ప్రయాణికుడు